ఆముదం గిన్నె నుంచి పొడి పొట్లం దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా పాత చరిత్ర రాసి ఇమ్మని సంపాదకవర్గంవారు అడిగినప్పుడు, గోదావరి మీద వంతెన రాకముందు భద్రాచలం ఎలా ఉండేదో రాద్దామనుకున్నాను. కాని నెలవారీ సమావేశంలో నలుగురం చేరితే మాట్లాడుకునేది ఇప్పుడు వంతెన గురించి కాదు. రక్తపోటు, చక్కెర వ్యాధి, మోకాళ్ళ నొప్పులు అయిపోయాక మాట తప్పనిసరిగా కొలనోస్కోపీ మీదికి, అంటే పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష మీదికి మళ్ళుతోంది. "పరీక్షదేముంది గురువుగారూ, మత్తులో తెలియనే తెలియదు. ముందురోజు తాగించే ఆ నీళ్ళే ప్రాణం తీశాయి" అని ఒక మిత్రుడంటే, "నేను సగం పారబోశాను, ఎవరికి తెలుస్తుంది?" అని ఇంకొకాయన నవ్వారు. ఆ నవ్వులో నేను కలవలేకపోయాను. సగం పారబోసినవారిలో నేనూ ఒకణ్ణి. దాని ఫలితం అనుభవించినవాణ్ణి కూడా. అందుకని ఆ నీళ్ళ చరిత్రే రాస్తున్నాను.

కడుపు కడుక్కోవడం మన తరానికి కొత్త సంగతి కాదు. మా చిన్నతనంలో నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం తెల్లవారుజామున మా అమ్మమ్మ చిన్న ఇత్తడి గిన్నెలో ఆముదం గోరువెచ్చగా కాచి తెచ్చేది. ఒకరు చేతులు పట్టుకుంటే ఒకరు ముక్కు మూసేవారు. గొంతు దిగేదాకా వదిలేవారు కాదు. దిగాక నాలుక మీద ఇంత బెల్లం ముక్క. మధ్యాహ్నానికి పిల్లలందరం నీరసంగా అరుగు మీద వరుసగా కూర్చుంటే, సాయంత్రం మెత్తటి అన్నంలో మిరియాల చారు పోసి పెట్టేవారు. ఎవరైనా ముఖం చిట్లిస్తే "ఆముదం తాగిన మొహం" అని మనం ఇప్పటికీ అంటున్నామంటే ఆ ఆదివారాల పుణ్యమే.

ఈ ఆచారం ఎంత పాతదో తరువాత పుస్తకాల్లో చదివి ఆశ్చర్యపోయాను. సుమారు 3,500 ఏళ్ళనాటి ఈజిప్టు వైద్యగ్రంథం ఎబెర్స్ పపైరస్‌లోనే ఆముదం ప్రస్తావన ఉంది. మన ఆయుర్వేదంలో పంచకర్మలు అనేవాటిలో విరేచనం ఒకటి, వస్తి ఒకటి. వస్తి అంటే నేటి ఎనిమాకు పూర్వరూపం. ఆముదం చిన్నపేగుల్లోకి వెళ్ళాక విడిపోయి అందులోని రిసినోలిక్ ఆమ్లం పేగును రెచ్చగొడుతుంది. అందువల్లనే ఆ మెలితిప్పే నొప్పి. అమ్మమ్మకు ఆ ఆమ్లం పేరు తెలియదు గాని ఎంత పోస్తే ఎన్నిసార్లు వెళతారో మాత్రం లెక్క తప్పేది కాదు.

పెద్దయ్యాక ఆరోగ్య శాఖలో ఉద్యోగం వచ్చి దుమ్ముగూడెం, చర్ల వైపు తిరగవలసి వచ్చింది. కొత్తగా చేరినవారి కోసం ఒక్క మాట: ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు నుంచి విడిపోయి ఏర్పడింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో కలిశాయి. భద్రాచలం వంతెన 1965లో ప్రారంభమైంది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. ఇన్ని మార్పులు జరిగినా అడవి సంతల్లో దొరికే సరుకు మాత్రం పెద్దగా మారలేదు.

ఆ సంతల్లో నేను గమనించినది ఏమంటే, మనవాళ్ళు కడుపు కోసం వాడే మందుల్లో సగం ఈ అడవి నుంచే వస్తాయి. త్రిఫల చూర్ణంలో పడే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడూ ఇక్కడివే. కోయలు ఏరి తెచ్చి సంతలోనో, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలోనో అమ్ముకునేవారు. వాటికంటే చిత్రమైనది తపసి జిగురు. తపసి చెట్టు బెరడుకు గాటు పెడితే కారి గడ్డకట్టే బంక అది. నీళ్ళలో వేస్తే ఉబ్బి ఎన్నో రెట్లవుతుంది. ఆ గుణం వల్లనే దానిని విదేశాల్లో మలబద్ధకానికి మందుగా వాడారు. 1950ల తొలినాళ్ళలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే శస్త్రవైద్యుడు దానికి ఇంకో ఉపయోగం కనిపెట్టాడు. పేగు జబ్బులకు ఆపరేషన్ చేసి, పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి సంచి కట్టవలసి వచ్చిన రోగులకు ఆ సంచి చుట్టూ చర్మం ఒరిసి పుండ్లు పడేవి. చర్మాన్ని కాపాడటానికి ఈ జిగురు పొడి పనికివచ్చింది. ప్రపంచంలో ఈ జిగురు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్ళేది. సంతలో బంక ముద్దలు తూకం వేయించుకుంటున్న మనిషికి, అది సముద్రం దాటి ఏ రోగి పొట్ట మీద పనిచేస్తుందో తెలిసే అవకాశం లేదు. నాకూ అప్పుడు తెలియదు.

ఇక నేపాళం గింజల సంగతి. నాటువైద్యులు కొందరు ఈ గింజతో మాత్రలు కట్టి ఇచ్చేవారు. అది ఆముదం వంటిది కాదు, విషంతో సమానం. మోతాదు కొంచెం మించితే మనిషి నీళ్ళన్నీ పోయి కళ్ళు లోతుకు పోతాయి. మన మిత్రులలో ఇప్పటికీ "ఊరి మందే నయం" అనేవారున్నారు. కరక్కాయ విషయంలో వాదించను గాని నేపాళం విషయంలో మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు అసలు విషయం. అమ్మమ్మ ఆముదం పోసినా, వైద్యుడు విరేచనం చేయించినా, ఉద్దేశం లోపలి చెడును బయటికి పంపడం. కొలనోస్కోపీ ముందు పేగు కడిగే ఉద్దేశం అది కాదు. గది ఊడ్చాక గాని గోడ పగులు కనపడదు కదా, అలా చూడటానికి మాత్రమే ఈ ఊడ్పు. ఈ తేడా తెలియకనే మనవాళ్ళు "రెండుసార్లు వెళ్ళాను, కడుపు ఖాళీ అయింది, ఇక చాలు" అనుకుంటారు. కడుపు తేలికపడటం వేరు, పేగు గోడ మీద అయిదు మిల్లీమీటర్ల బుడిపె కనపడేంత శుభ్రపడటం వేరు.

అలా లోపలికి చూసే సాధనం రావడానికి చాలా కాలం పట్టింది. 1806లో ఫిలిప్ బొజ్జీని అనే జర్మన్ వైద్యుడు కొవ్వొత్తి వెలుగును అద్దంతో మళ్ళించి శరీర రంధ్రాల్లోకి చూసే పరికరం చేశాడు. 1895లో అమెరికాలో హోవర్డ్ కెల్లీ పురీషనాళాన్ని చూసే గట్టి గొట్టాలను వాడుకలోకి తెచ్చాడు. కాని పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు, మూడు వంపులు తిరిగి ఉంటుంది. గట్టి గొట్టం 25 సెంటీమీటర్లు దాటి వెళ్ళలేదు. మిగిలినదానికి బేరియం ద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీసి నీడలు చూడటమే గతి. వంపులు తిరిగే వెలుగు కావాలంటే గాజు పోగులు రావలసి వచ్చింది. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి సన్నని గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చునని 1954లో నేచర్ పత్రికలో ప్రకటించాడు. ఆ దారిలో 1957లో బేసిల్ హిర్షోవిట్జ్ జీర్ణాశయాన్ని చూసే మెత్తటి గొట్టం తయారుచేసి మొదట తానే మింగి చూశాడు. 1969లో న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయిల్ ఆస్పత్రిలో విలియం వోల్ఫ్, జపాన్ నుంచి వెళ్ళిన హిరోమి షిన్యా పెద్దపేగు చివరిదాకా గొట్టం పంపి చూడటమేగాక, తీగ ఉచ్చు వేసి పాలిప్ అనే బుడిపెను పొట్ట కోయకుండానే తీసేశారు.

ఆ బుడిపెలే కీలకం. పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా అలాంటి బుడిపె నుంచే, సంవత్సరాల తరబడి మెల్లగా ముదిరి వస్తుంది. బుడిపెగా ఉన్నప్పుడే తీసేస్తే క్యాన్సర్ రాకుండా ఆపవచ్చునా అన్నదానికి 1993లో సిడ్నీ వినావర్ బృందం జవాబు చెప్పింది. బుడిపెలు తీసిన 1,418 మందిని ఏళ్ళ తరబడి గమనిస్తే, రావలసిన క్యాన్సర్లు 76 నుంచి 90 శాతం తగ్గాయని తేలింది. మరుసటి ఏడు, 1994లో, మన హైదరాబాదులో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డిగారు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ స్థాపించారు. కర్నూలు వైద్య కళాశాలలో చదివిన ఆయనకు 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఇటువంటి పరీక్షలకు ఒకప్పుడు బొంబాయికో మద్రాసుకో పోవలసినవారికి హైదరాబాదు దిక్కయింది. ఇప్పుడు ఖమ్మంలోనూ చేస్తున్నారు.

సాధనం వచ్చింది గాని పేగు కడిగే పద్ధతి వెంటనే కుదరలేదు. తొలిరోజుల్లో రెండు మూడు రోజులు కేవలం ద్రవాహారం, ఆపైన ఆముదమో సునాముఖి మందో, ఆపైన ఎనిమాల మీద ఎనిమాలు. రోగి పరీక్ష బల్ల ఎక్కేసరికే సగం చిక్కిపోయేవాడు. మేనిటాల్ అనే తియ్యటి ద్రవం తాగిస్తే సుఖమని కొందరు మొదలుపెట్టారు. అది పేగులోని సూక్ష్మజీవులకు ఆహారమై, మండే వాయువులు పుట్టాయి. బుడిపెను కరెంటు తీగతో కాల్చేటప్పుడు నిప్పు అంటుకుని పేగులోనే పేలుడు జరిగి రోగి మరణించిన ఉదంతం 1979లో ఫ్రాన్స్ వైద్యులు ప్రకటించారు. దానితో మేనిటాల్ వెనక్కి పోయింది. ఉప్పునీరు లీటర్ల కొద్దీ ముక్కు గొట్టం గుండా పోసి కడిగే పద్ధతీ వచ్చింది. అందులో ఉప్పు, నీరు రక్తంలోకి చేరి గుండె, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ముప్పు తెచ్చేది.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పక తప్పదు. ఏజెన్సీ గూడేల్లో వానాకాలం వస్తే మా పని చలిజ్వరాలు, నీళ్ళ విరేచనాలు. ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచిలో వేసుకుని, వాగులు దాటి, తల్లులకు కలిపి చూపించేవాళ్ళం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఆ ఉప్పు చక్కెర నీటితోనే వేలమందిని బతికించాడని మాకు శిక్షణలో చెప్పారు. ఉప్పు, చక్కెర సరైన పాళ్ళలో కలిస్తే చిన్నపేగు వాటిని పట్టుకుంటుంది, వాటి వెంట నీరూ లోపలికి పోతుంది. విరేచనాలు ఎలా అరికట్టాలా అని జీవితమంతా తిరిగినవాణ్ణి, రిటైరయ్యాక విరేచనాలు కావడానికి డబ్బులిచ్చి పొట్లం కొన్నాను!

నవ్వు వచ్చినా, ఆ రెండు పొట్లాలూ ఒకే శాస్త్రం బిడ్డలని చదివాక తెలిసింది. పేగు నీటిని ఎప్పుడు పీలుస్తుంది, ఎప్పుడు వదులుతుంది అన్నది అమెరికాలోని డల్లాస్‌లో జాన్ ఫోర్డ్‌ట్రాన్ ఏళ్ళ తరబడి పరిశోధించాడు. ఆయన బృందమే 1980లో పాలిఇథిలీన్ గ్లైకాల్, మనం క్లుప్తంగా పెగ్ అంటున్న పొడితో ద్రావణం తయారుచేసింది. పెగ్ అణువు పెద్దది, పేగు గోడ దానిని పీల్చుకోలేదు. అది నీటిని తనతో పట్టి ఉంచుతుంది. ఉప్పు కూడా పీలకుండా సోడియం సల్ఫేటు కలిపారు. ఓఆర్‌ఎస్ లోపలికి పోవడానికి చేసిన నీరు, ఇది లోపలికి పోకుండా దాటిపోవడానికి చేసిన నీరు. అందుకే నాలుగు లీటర్లు తాగినా శరీరంలోని ఉప్పు, నీరు పెద్దగా అటూ ఇటూ కావు. రుచి మాత్రం సముద్రపు నీటికి చుట్టమే. తరువాత రెండు లీటర్లతో సరిపెట్టే రకాలు కూడా వచ్చాయి.

మధ్యలో ఫాస్ఫేటు ద్రవం ఒకటి ప్రచారంలోకి వచ్చింది. రెండు చిన్న మోతాదులే గనుక అందరూ ఇష్టపడ్డారు. కాని అది కొందరి మూత్రపిండాలను దెబ్బతీస్తోందని తేలి, 2008 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించాక పేగు శుద్ధికి చీటీ లేకుండా అమ్మడం ఆగింది. తేలిక దారి ఎప్పుడూ తేలిక దారి కాదని మూత్రపిండాలు చెడిన మన మిత్రుల కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

తరువాత వచ్చిన పెద్ద మార్పు మందులో కాదు, వేళలో. మొత్తం ముందురోజు సాయంత్రమే తాగితే, రాత్రంతా చిన్నపేగు నుంచి పసరు వంటి ద్రవం దిగి పెద్దపేగు కుడిభాగం మీద పూతలా పేరుకుంటుంది. అందుకని సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు మొదలుపెట్టి రెండు గంటల ముందుగా ముగించడం మేలని తేలింది. కుడిభాగం ఎందుకంత ముఖ్యమో 1985 జులైలో లోకమంతా చూసింది. అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్‌కు పెద్దపేగు మొదట్లో, అంటే గొట్టం చిట్టచివర చేరే కుడివైపు మూలలో, పెద్ద బుడిపె బయటపడి మర్నాడే ఆపరేషన్ చేశారు. అది క్యాన్సరే. అప్పట్లో ఆ వార్త చదివి "అధ్యక్షుడికైనా తప్పలేదు" అనుకున్నామే గాని, మన వంతు వస్తుందనుకోలేదు.

నా వంతు నాలుగేళ్ళ క్రితం వచ్చింది. రక్తం తగ్గిందని ఇనుము మాత్రలు వాడుతున్నాను. కారణం తెలియడానికి కొలనోస్కోపీ చేయించమన్నారు. హైదరాబాదులో పొద్దున పది గంటలకు పరీక్ష. భద్రాచలం నుంచి 300 కిలోమీటర్లకు పైగా దారి, రాత్రి బస్సు. రెండో సగం తెల్లవారుజామున తాగమని చీటీలో స్పష్టంగా ఉంది. బస్సులో ఎలా తాగేది? మధ్యాహ్నం సగం తాగి, నాలుగుసార్లు వెళ్ళి, ఖాళీ అయిందని సంబరపడి, బస్సు ఎక్కేముందు రెండు ఇడ్లీలు, ఒక జామకాయ తిన్నాను. "ఏమండీ, రెండో సగం కూడా తాగాలన్నారు కదా" అని మా ఆవిడ గుర్తుచేస్తే, "నాకు తెలియదా, ముప్పై అయిదేళ్ళు ఆరోగ్య శాఖలో చేశాను" అన్నాను. మిగిలిన నీళ్ళు పెరట్లో పారబోశాను. ఇనుము మాత్ర కూడా మానలేదు.

పరీక్ష అయ్యాక డాక్టరుగారు కోప్పడలేదు. తెర మీద తీసిన బొమ్మ చూపించారు. ఎడమభాగం కొంత కనపడింది. కుడివైపు అంతా నల్లటి బురద, అందులో జామ గింజలు గవ్వల్లా మెరుస్తున్నాయి. "ఇందులో ఏముందో నేను చెప్పలేను, మళ్ళీ చేయాలి" అన్నారు. మత్తుకు, గదికి, పరీక్షకు అయిన ఖర్చు అంతా వృథా. మూడు వారాలు నిద్రలేదు. రెండోసారి ముందురోజే వెళ్ళి తమ్ముడి ఇంట్లో దిగాను. తమ్ముడు తెల్లవారుజామున మూడున్నరకు లేపి, పక్కన కుర్చీ వేసుకుని, పావుగంటకో గ్లాసు చొప్పున లెక్కపెట్టి తాగించాడు. అమ్మమ్మ తరువాత నాకు అలా దగ్గరుండి తాగించినవాడు వాడే. ఆ రోజు అదే కుడివైపున 12 మిల్లీమీటర్ల బుడిపె కనపడింది. అక్కడికక్కడే తీసేశారు. పరీక్షకు పంపితే అడినోమా అని వచ్చింది, క్యాన్సర్ కాదు గాని వదిలేస్తే కాగల రకం. మొదటి పరీక్షతోనే "ఏమీ లేదట" అని ఇంటికి వచ్చేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను.

తిండి విషయంలో ఆస్పత్రులు ఇచ్చే కాగితాలు చాలాసార్లు మన వంటింటి భాషలో ఉండవు. అందుకని నాకు డాక్టరుగారు చెప్పింది మన మాటల్లో రాస్తాను. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి పీచు, గింజ, తొక్క ఉన్నవి మానాలి. అంటే గోంగూర, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలన్నీ, జొన్నరొట్టె, రాగి సంకటి, బెండ, వంగ, దొండ, టమాటా, జామ, సీతాఫలం, దానిమ్మ, నువ్వులపొడి, ఆఖరికి తాలింపులో ఆవాలు, జీలకర్ర కూడా. తెల్ల అన్నం, పల్చటి పెసరకట్టు, ఇడ్లీ, గుడ్డు, పెరుగు తినవచ్చు. ఎప్పుడూ తినకూడదంటారే, ఆ మెత్తటి తెల్ల అన్నమే ఈ రెండు రోజులూ నయమన్నమాట! (2025లో అమెరికా వైద్య సంఘాలు, మలబద్ధకం వంటి ఇబ్బందులు లేనివారికి ముందురోజు ఒక్కరోజు పథ్యం చాలన్నాయి. మీ డాక్టరు ఏది చెబితే అది.) ముందురోజు మధ్యాహ్నం నుంచి వడగట్టిన చారు తేట, పాలు లేని టీ, కొబ్బరినీళ్ళు, గ్లూకోజు నీళ్ళు. ఎర్రటి, ఊదా రంగు పానీయాలు వద్దు, లోపల రక్తంలా కనపడతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కొబ్బరినీళ్ళు కూడా అడగకుండా తాగరాదు, అందులో పొటాషియం ఎక్కువ.

రాత్రిపూట ఇసాబ్‌గోల్ వేసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. పేగుకు మంచిదే కదా అని పరీక్ష ముందు ఇంకో చెంచా ఎక్కువ వేసుకున్న మిత్రుడు ఒకరున్నారు. అది తపసి జిగురు లాగే ఉబ్బి పేగులో నిలిచిపోతుంది, వారం ముందే ఆపాలి. ఇనుము మాత్రలూ అంతే, మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. చక్కెర వ్యాధికి వాడే మాత్రలు, ఇన్సులిన్, రక్తం పల్చబడటానికి గుండె డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం సొంతంగా ఆపవద్దు, సొంతంగా కొనసాగించనూ వద్దు. పరీక్ష తేదీ తీసుకునేటప్పుడే మందుల చీటీ చూపించి ఏది ఎప్పుడు అన్నది రాయించుకోవాలి. చివరికి పోయేది మూత్రంలా పల్చటి పసుపు రంగులో, అడుగు కనపడేలా ఉంటే సిద్ధమైనట్టు. ఇంకా మడ్డిగా ఉంటే ఆస్పత్రిలో బల్ల ఎక్కకముందే చెప్పడం మంచిది. సిగ్గుపడి దాచినవాడు రెండోసారి రావలసి ఉంటుంది.

వెంకటాపురం, చర్ల, చింతూరు వైపు ఉన్న మన సభ్యులకు మందు కంటే దారి పెద్ద సమస్య. పొద్దున పరీక్ష అయితే ముందురోజే ఆ ఊరు చేరి బంధువుల ఇంట్లోనో, గది తీసుకునో ఉండాలి. వీలుకాకపోతే మధ్యాహ్నం తరువాత సమయం ఇమ్మని ఆస్పత్రివారిని అడగవచ్చు, అప్పుడు రెండో సగం పొద్దున అక్కడ తాగవచ్చు. మత్తు ఇస్తారు గనుక వెనక్కి తీసుకురావడానికి తోడు మనిషి ఉండాలి. తొడలు వణికే ఆ రాత్రి, వయసు మీరినవారు మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్ళి పడిపోతున్నారు గనుక, దీపం ఆర్పకుండా, తలుపు గడియ వేయకుండా ఉంచండి.

నాకు మూడేళ్ళకు మళ్ళీ చేయించమన్నారు. ఆ గడువు కిందటి ఏడాది వచ్చింది. ఈసారి ఖమ్మంలో, మా అమ్మాయి ఇంట్లో ఉండి చేయించుకున్నాను. రెండు సగాలూ తాగాను. పక్కన కూర్చుని గ్లాసులు లెక్కపెట్టింది మా మనవడు. పదమూడో గ్లాసు దగ్గర "తాతయ్యా, నీ మొహం అదోలా ఉందేంటి?" అన్నాడు. ఆముదం తాగిన మొహం అంటే ఏమిటో వాడికి అప్పుడు చెప్పాను.